బంతి లోపల ఒకటి, బయట రెండు: పాత ఫోర్డ్ కార్ల యూనివర్సల్ జాయింట్లను గుర్తుపట్టడం

పాత ఫోర్డ్ కారు కింద పడుకుని, గేర్‌బాక్స్ దగ్గర నుంచి వెనక యాక్సిల్ దాకా టార్చి వేసి చూస్తే రెండింటిలో ఒకటి కనబడుతుంది. కొన్ని కార్లలో తిరిగే షాఫ్ట్ ఎక్కడా కంటికి కనబడదు. యాక్సిల్ నుంచి ముందుకు వచ్చే లావుపాటి ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది. అది గేర్‌బాక్స్ వెనక బంతిలా గుండ్రంగా ఉన్న ఒక మూతలోకి దూరిపోతుంది. మరికొన్ని కార్లలో షాఫ్ట్ బాహాటంగా వేలాడుతూ ఉంటుంది, రెండు చివర్లా ప్లస్ గుర్తు ఆకారపు ముక్క, అంటే క్రాస్, ఒక్కోటి కనబడుతుంది. అమెరికా ఫోర్డ్‌లలో మొదటి రకమైతే ఆ కారు 1948 లేదా అంతకు ముందు మోడల్. రెండోదైతే 1949 మోడల్ లేదా ఆ తర్వాతది. మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకుండా ఉంటేనే ఈ లెక్క.

జాయింట్‌ను గుర్తుపట్టే పని ఈ చూపుతోనే మొదలవ్వాలి. చాలామంది ఆర్‌సీ కాగితంలో ఉన్న సంవత్సరంతో మొదలుపెడతారు. డెబ్బై ఎనభై ఏళ్ళు నడిచిన కారులో ఆ సంవత్సరం బాడీకి వర్తిస్తుందేమో గానీ, కింద ఉన్న గేర్‌బాక్స్‌కీ యాక్సిల్‌కీ వర్తిస్తుందని నమ్మడానికి లేదు. అమెరికాలో 1930ల నాటి ఫోర్డ్ బాడీల కింద తర్వాతి కాలపు గేర్‌బాక్స్, యాక్సిల్ బిగించి నడపడం ఒక పెద్ద సంప్రదాయంగానే సాగింది. మన దగ్గర కారణం వేరు. 1926లో మన దేశానికి వచ్చిన ఫోర్డ్ కంపెనీ మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో కార్లు బిగించేది, 1950ల మొదట్లో మూసేసింది. ఆ తర్వాత దిగుమతుల మీద కట్టడి పెరిగేసరికి దొరికిన విడిభాగంతో బండి నడిపించుకోవడం మామూలైపోయింది. కాబట్టి ఇక్కడి మోడల్ ఎ (1920ల చివర్లో వచ్చిన ఫోర్డ్) కింద ఏముందో మోడల్ ఎ పుస్తకం ఒక్కటే చెప్పలేదు.

అసలు ఈ జాయింట్ ఎందుకు ఉందో తెలిస్తే మిగతాదంతా సులువవుతుంది. గేర్‌బాక్స్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. వెనక యాక్సిల్ మాత్రం గుంత వచ్చినప్పుడల్లా పైకీ కిందికీ ఆడుతుంది. కదలని దాని నుంచి ఆడుతున్న దానికి తిప్పుడు అందాలంటే మధ్యలో ఎక్కడో వంగుతూనే తిరిగే కీలు కావాలి. రెండు యోక్‌లు (పంగలా చీలిన ముక్కలు), వాటి మధ్య ప్లస్ గుర్తు ఆకారంలో ఒక ఉక్కు క్రాస్: ఇదే ఆ కీలు. ఇటలీకి చెందిన కార్డానో పేరు మీద దీన్ని కార్డన్ జాయింట్ అంటారు. 17వ శతాబ్దపు ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుతో హుక్ జాయింట్ అని కూడా అంటారు.

దీనికి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. వంగి తిరుగుతున్నప్పుడు ఇటు వైపు ఒకే వేగంతో తిరిగినా అటు వైపు వేగం ఒకేలా ఉండదు. ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకు లాగి, రెండుసార్లు వెనకబడుతుంది. 10 డిగ్రీలు వంగితే ఈ తేడా అటూ ఇటూ సుమారు ఒకటిన్నర శాతం. 20 డిగ్రీలు వంగితే 6 శాతం దాటుతుంది. కోణం రెట్టింపైతే ఈ వేగపు ఊపు దాదాపు నాలుగింతలవుతుందన్నమాట. ఫోర్డ్ ఇంజనీర్లు ఈ లోపాన్ని రెండు కాలాల్లో రెండు రకాలుగా ఎదుర్కొన్నారు. కారు కింద కనబడిన ఆ రెండు దృశ్యాలూ అక్కడి నుంచి వచ్చినవే.

1908 నాటి మోడల్ టి నుంచి 1948 మోడల్ దాకా హెన్రీ ఫోర్డ్ కార్లకు వెనక కమాను ఒక్కటే. అది కూడా అడ్డంగా, ఈ చక్రం నుంచి ఆ చక్రానికి పరిచి ఉంటుంది. అడ్డ కమాను బరువు మోయగలదు గానీ, యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకోలేదు. చక్రాలు నేలను తోసినప్పుడు యాక్సిల్ తిరగబడకుండా ఆపడం కూడా దాని వల్ల కాదు. ఆ రెండు పనులూ చేసేది ఆ లావు గొట్టమే. దాన్ని టార్క్ ట్యూబ్ అంటారు, పక్కన ఆసరాగా రేడియస్ రాడ్లు ఉంటాయి. కారును ముందుకు నెట్టే బలమంతా చక్రాల నుంచి ఈ గొట్టం గుండా, దాని కొసనున్న బంతి గుండా గేర్‌బాక్స్‌కు చేరి, అక్కడి నుంచి ఛాసిస్‌కు అందుతుంది. యాక్సిల్ మొత్తం ఆ బంతి చుట్టూ ఊగుతుంది.

ఈ ఏర్పాటులో ఉన్న తెలివి చూడాలి. యూనివర్సల్ జాయింట్‌ను సరిగ్గా ఆ బంతి నడిమధ్యలో పెట్టారు. యాక్సిల్ ఏ కేంద్రం చుట్టూ ఊగుతుందో జాయింట్ కూడా అక్కడే వంగుతుంది కాబట్టి, షాఫ్ట్ పొడవు మారాల్సిన అవసరం రాదు. రోడ్డు మీద నడుస్తున్నప్పుడు షాఫ్ట్ జారే పని దాదాపు ఉండదు. వెనక పినియన్ (యాక్సిల్ లోపలి పెద్ద పళ్ళ చక్రాన్ని తిప్పే చిన్న పళ్ళ చక్రం) షాఫ్ట్‌కు సూటిగా ఉంటుంది కాబట్టి అక్కడ రెండో జాయింట్ అక్కర్లేదు. ఒకే జాయింట్ ఉన్నప్పుడు దాని ఊపును సరిచేసే జోడీ ఉండదు. అయితే గొట్టం పొడుగ్గా ఉండడం వల్ల కోణం చిన్నదిగానే ఉంటుంది, ఊపు డ్రైవర్‌కు తెలిసేంత పెరగదు. బంతి మూత లోపల దుమ్ము, నీళ్ళు తగలకుండా జాయింట్ గ్రీజులో మునిగి ఉంటుంది. ఎడ్లబండి దారుల మీద తిరగాల్సిన కారుకు ఇది నిజంగా మంచి ఆలోచన.

ఈ కాలపు జాయింట్‌ను చేతిలోకి తీసుకుంటే మొదట తెలిసేది, అది ఇప్పటి క్రాస్‌లా ఉండదని. సర్క్లిప్ (ఊడకుండా పట్టే ఉంగరం లాంటి క్లిప్పు) తీసి, క్రాస్ కొసల మీది కప్పులు (బేరింగు టోపీలు) బయటికి కొట్టి కొత్త క్రాస్ వేసే రకం కాదు. మోడల్ టి జాయింట్ కొసలు నలుచదరంగా ఉంటాయి. ఒక కొస పొడుచుకొచ్చిన చదరం, అది గేర్‌బాక్స్ వైపు గుంతలో కూర్చుంటుంది. ఇంకో కొస చదరపు గుంత, అందులోకి షాఫ్ట్ దూరుతుంది, పిన్ను వేసి పట్టిస్తారు. చదరపు కొస కనబడితే ఇక కొలతలతో పనిలేదు, అది మోడల్ టిదే.

1927 చివర్లో వచ్చిన మోడల్ ఎలో చదరాలు పోయి స్ప్లైన్లు (షాఫ్ట్ చుట్టూ పొడవునా కోసిన పళ్ళు) వచ్చాయి. పాత మోడల్ ఎ జాయింట్‌లో రెండు యోక్‌లను చుట్టి ఒక రింగు ఉంటుంది, దాన్ని రివెట్లతో బిగించేస్తారు. విప్పి బాగుచేసే ఉద్దేశంతో చేసినది కాదు, అరిగితే మొత్తం జాయింట్ మార్చడమే. గేర్‌బాక్స్ మెయిన్ షాఫ్ట్ కొసకు దీన్ని ఒక బోల్టు, వాషరుతో పట్టిస్తారు. వెనక వైపు స్ప్లైన్లలోకి డ్రైవ్ షాఫ్ట్ వచ్చి దూరుతుంది. 1932లో వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ వచ్చాక కూడా ఈ ఏర్పాటు మూలం మారలేదు. కాబట్టి ఎ, వి8 కాలపు జాయింట్ చేతికి వస్తే దూరం నుంచి చూసి ఏ సంవత్సరానిదో చెప్పేయడం తొందరపాటే. రెండు కొసల్లోనూ స్ప్లైన్లు ఎన్నో లెక్కపెట్టాలి, వాటి వ్యాసం కొలవాలి, మొత్తం పొడవు కొలవాలి. ఈ లెక్కలు గేర్‌బాక్స్ షాఫ్ట్‌తో, డ్రైవ్ షాఫ్ట్‌తో విడివిడిగా సరిపోవాలి. ఒక కొస సరిపోయిందని రెండోది చూడకపోతే, యాక్సిల్ వెనక్కి లాగి మళ్ళీ బిగించేటప్పుడు గానీ తప్పు తెలియదు. అప్పటికి ఒక రోజు పని పోయినట్టే.

ఫోర్డ్ పార్టు నంబర్లు చదవడం వచ్చినవాళ్ళకు ఇక్కడ ఒక మంచి ఆధారం దొరుకుతుంది. మోడల్ ఎ జాయింట్ నంబరు ఎ-7090. ఏడువేల వరుస గేర్‌బాక్స్ భాగాలది. అంటే ఈ జాయింట్‌ను ఫోర్డ్ గేర్‌బాక్స్‌కు చెందిన వస్తువుగానే లెక్కవేసింది. బయటికి కనబడే షాఫ్ట్ వచ్చాక క్రాస్ కిట్‌కు వాడిన మూల నంబరు 4635. అది యాక్సిల్, డ్రైవ్ షాఫ్ట్ భాగాలున్న నాలుగువేల వరుసలోది, షాఫ్ట్ నంబరు 4602 పక్కనే. పాత డబ్బా మీదో తుప్పు పట్టిన ముక్క మీదో 7090 కనబడితే బంతి లోపలి జాయింట్ అనీ, 4635 కనబడితే బయటి క్రాస్ అనీ ఊహించవచ్చు. నంబరుకు ముందుండే గుర్తు డిజైన్ కాలాన్ని చెబుతుంది: ఎ అంటే మోడల్ ఎ, 18 అంటే 1932 వి8, 40 అంటే 1933-34, 48 అంటే 1935, 8ఎ అంటే 1949. తర్వాతి పద్ధతిలో సి5 అంటే 1965. ఈ గుర్తు ఆ భాగం మొదట ఏ మోడల్ కోసం గీశారో చెబుతుందంతే. అదే భాగాన్ని తర్వాత ఎన్నో ఏళ్ళు వాడి ఉండవచ్చు. 1938 కారులో 1935 గుర్తున్న భాగం దొరికిందని ఎవరో మార్చేశారని అనుకోనక్కర్లేదు.

1947 ఏప్రిల్‌లో హెన్రీ ఫోర్డ్ చనిపోయాడు. అప్పటికే కంపెనీ పగ్గాలు మనవడు రెండో హెన్రీ ఫోర్డ్ చేతికి వచ్చాయి. 1948 వేసవిలో బయటికి వచ్చిన 1949 మోడల్‌లో వెనక అడ్డ కమాను పోయింది. దాని బదులు రెండు పక్కలా కారు పొడవునా కమాన్ కట్టలు వచ్చాయి. యాక్సిల్‌ను ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టుకునే పని ఆ కమాన్లే తీసుకున్నాయి, తిరగబడకుండా ఆపే పని కూడా వాటిదే. దాంతో టార్క్ ట్యూబ్ అవసరం తీరిపోయింది. కానీ కమాన్ వంగినప్పుడు యాక్సిల్ కదిలే దారి వేరు, షాఫ్ట్ ఊగే దారి వేరు. గేర్‌బాక్స్‌కూ యాక్సిల్‌కూ మధ్య దూరం ప్రతి గుంతకూ కొంచెం మారుతుంది. అందుకే గేర్‌బాక్స్ కొసన లోపలికీ బయటికీ జారే స్లిప్ యోక్ పెట్టారు, షాఫ్ట్ రెండు చివర్లా జాయింట్లు పెట్టారు. రెండు జాయింట్ల కోణాలూ సమానంగా, షాఫ్ట్ మీది రెండు యోక్‌లూ ఒకే వరుసలో ఉంటే, మొదటి జాయింట్ పుట్టించిన ఊపును రెండోది పూర్తిగా తుడిచేస్తుంది.

గుర్తుపట్టే పద్ధతి కూడా ఇక్కడే మారిపోయింది. బంతిలో ఉన్న జాయింట్ ఫోర్డ్ సొంత వస్తువు. బయటికి వచ్చిన క్రాస్ మాత్రం దాదాపు మొత్తం పరిశ్రమ వాడుకునే సైజుల్లో ఒకటి. క్లారెన్స్ స్పైసర్ 1904లో న్యూజెర్సీలో మొదలుపెట్టిన కంపెనీ తర్వాత డానా పేరుతో పెద్దదైంది. అమెరికా మార్కెట్లో క్రాస్‌ల పేర్లు ఇప్పటికీ ఆ స్పైసర్ సిరీస్ నంబర్లతోనే నడుస్తాయి. పాత ఫోర్డ్ యజమానికి ముఖ్యంగా తెలియాల్సినవి 1310, 1330, 1350.

ఈ మూడింటి కొలతలు చూస్తే మోసం ఎక్కడ జరుగుతుందో అర్థమవుతుంది. 1310 క్రాస్ ఒక కప్పు అంచు నుంచి ఎదుటి కప్పు అంచు దాకా సుమారు 3.22 అంగుళాలు, అంటే 81.8 మిల్లీమీటర్లు. కప్పు వ్యాసం 1.062 అంగుళాలు, అంటే 27 మిల్లీమీటర్లు. 1330లో కప్పు వ్యాసం అదే 27 మిల్లీమీటర్లు, పొడవు మాత్రం 3.625 అంగుళాలు, 92.1 మిల్లీమీటర్లు. 1350లో పొడవు 1330 దే, కప్పు మాత్రం 1.188 అంగుళాలు, 30.2 మిల్లీమీటర్లు. పాత కప్పు జేబులో వేసుకుని షాపుకు వెళ్తే 1310, 1330 ఒకేలా కనబడతాయి. పొడవు ఒక్కటే కాగితం మీద రాసుకుని వెళ్తే 1330, 1350 ఒకేలా కనబడతాయి. రెండు కొలతలూ కలిసి ఉంటేనే సమాధానం వస్తుంది. షాపు కౌంటర్ మీద పాత కప్పు పక్కన కొత్త కప్పు పెట్టి 'అదే కదా' అనుకోవడం వల్ల వచ్చే తిరుగుడు అంతా ఇంతా కాదు.

ఇంకో మెలిక ఫోర్డ్ కార్లలోనే ఎక్కువగా ఎదురవుతుంది. ఒకే క్రాస్‌లో ఒక జత కప్పులు 27 మిల్లీమీటర్లు, అడ్డంగా ఉన్న రెండో జత 1.125 అంగుళాలు, అంటే 28.6 మిల్లీమీటర్లు ఉండే 1330 రకం ఉంది. షాఫ్ట్ వైపు చిన్న కప్పులు, పినియన్ యోక్ వైపు పెద్ద కప్పులు. తేడా 1.6 మిల్లీమీటర్లే, కంటితో పోల్చుకోవడం కష్టం. అలాగే పొడవులో తేడా ఉండే జోడు క్రాస్‌లు కూడా ఉన్నాయి, ఒక దిశలో 1310, అడ్డ దిశలో 1330. పాత షాఫ్ట్ ఉంచి పెద్ద యాక్సిల్ వేసుకున్నవాళ్ళు వాడేవి ఇవి. అందుకని వెర్నియర్‌తో క్రాస్ రెండు దిశల్లోనూ కొలవాలి. ముందు జాయింట్ కొలిచి వెనకది కూడా అంతే అనుకోకూడదు, రెండూ వేరుగా ఉండడం మామూలే. 1957లో వచ్చిన 9 అంగుళాల (లోపలి పెద్ద పళ్ళ చక్రం సైజును బట్టి పేరు) యాక్సిల్‌కూ, 1960ల మొదట్లో వచ్చిన 8 అంగుళాల యాక్సిల్‌కూ ఒకటి కంటే ఎక్కువ సైజుల పినియన్ యోక్‌లు బిగించవచ్చు. ఇవి ఒక కారు నుంచి ఇంకో కారుకు బాగా తిరిగిన యాక్సిల్స్ కూడా. ఫోర్డ్ ముస్టాంగ్ కారుకని 'ముస్టాంగ్ క్రాస్ ఇవ్వండి' అంటే ఏ ముస్టాంగ్, ఏ ఇంజన్, ఏ యాక్సిల్ అని షాపువాడు తిరిగి అడగడంలో న్యాయం ఉంది.

కొలవాల్సింది పాత క్రాస్ ఒక్కదాన్నే కాదు, యోక్‌ను కూడా. ఇంతకుముందు వేసినవాడు తప్పు వేసి ఉండవచ్చు. పూర్తి గుండ్రటి రంధ్రాలున్న యోక్‌లో రంధ్రం వ్యాసం, సర్క్లిప్ గాడుల మధ్య దూరం చూడాలి. పినియన్ వైపు చాలా ఫోర్డ్ కార్లలో సగం గుండ్రం ఉండి, యూ బోల్టులతో కప్పులను పట్టే యోక్ ఉంటుంది. అందులో కప్పులు పక్కకు జరగకుండా చిన్న చెవులు ఉంటాయి, ఆ చెవుల మధ్య దూరమే క్రాస్ పొడవు. యూ బోల్టు నట్లను మరీ బిగించేస్తే కప్పు నలిగి లోపలి నీడిల్స్ (సన్నని బేరింగు రోలర్లు) పట్టేస్తాయి, కొత్త క్రాస్ వారంలోనే చప్పుడు మొదలుపెడుతుంది. సర్క్లిప్ ఎక్కడుందో కూడా ఒక గుర్తే: కప్పుకు బయట, యోక్ గాడిలో కూర్చుంటే స్పైసర్ పద్ధతి. కప్పు లోపలి వైపు అంచున సీ ఆకారపు క్లిప్పు ఉంటే అది వేరే తయారీదారుల పద్ధతి, పొడవును ఆ క్లిప్పుల మధ్య కొలుస్తారు. గ్రీజ్ నిపుల్ ఉందా లేదా అన్నది మాత్రం గుర్తుగా పనికిరాదు. అదే సైజు క్రాస్ రెండు రకాలుగానూ దొరుకుతుంది.

గేర్‌బాక్స్ వైపు స్లిప్ యోక్ స్ప్లైన్లు ఇంకో ఆధారం. 1960ల ఫోర్డ్ గేర్‌బాక్సుల్లో చిన్న వి8ల వెనక ఎక్కువగా 28 స్ప్లైన్లు, పెద్ద వి8ల వెనక నాలుగు గేర్ల బాక్సుకూ సి6 ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కూ 31 స్ప్లైన్లు. ఇది క్రాస్ సైజును నేరుగా చెప్పదు గానీ, కింద ఉన్న గేర్‌బాక్స్ ఏదో చెబుతుంది.

షాఫ్ట్ విప్పేవాళ్ళందరికీ వచ్చే భయం ఒకటుంది: యోక్‌ను ఒక పన్ను అటూ ఇటూగా వేస్తే వరుస తప్పుతుందని. ఒకే ముక్కగా ఉన్న ఫోర్డ్ కారు షాఫ్ట్‌లో ఆ టెన్షన్ అవసరం లేదు. రెండు చివరి యోక్‌లూ గొట్టానికి వెల్డింగ్ అయి ఉంటాయి, వాటి వరుసను మార్చడం మన చేతిలో లేదు. స్లిప్ యోక్ మొదటి జాయింట్‌కు ముందే ఉంటుంది కాబట్టి అది గేర్‌బాక్స్‌లో ఏ పన్నులో కూర్చున్నా లెక్క మారదు. బాలన్స్ కోసం పాత స్థానంలోనే వేయడం మంచిదే, అది వేరే సంగతి. భయపడాల్సింది షాఫ్ట్ మధ్యలో జారే స్ప్లైన్ ఉన్నప్పుడు. యుద్ధకాలంలో ఫోర్డ్ తయారుచేసిన జీపుల షాఫ్ట్‌లు అలాంటివి. అందుకే వాటి మీద ఎదురెదురుగా బాణం గుర్తులు కొట్టి ఉంటాయి, ఆ రెండూ ఒక వరుసలో ఉండేలా బిగించాలి.

అరుగుదల చదవడం చివరి మెట్టు. బాహాటపు షాఫ్ట్ ఉన్న కారులో చక్రాలకు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, జాయింట్‌కు అటు ఒక చెయ్యి ఇటు ఒక చెయ్యి వేసి ఎదురెదురుగా తిప్పాలి. ఆట (వదులు) క్రాస్‌లో ఉంటే రెండు చేతుల మధ్యే తెలుస్తుంది. రెండు యోక్‌లూ కలిసి కదిలి తర్వాత ఎక్కడో లోపల టక్‌మంటే అది యాక్సిల్ లోపలి క్రౌన్, పినియన్ పళ్ళ ఆట, దానికి క్రాస్ మార్చి లాభం లేదు. కప్పు అంచున ఎర్రటి పొడి కనబడితే గ్రీజు ఎండి నీడిల్స్ తుప్పుపట్టినట్టే. విప్పాక క్రాస్ కొస మీద గోరుకు తగిలే సన్నని గీతలు వరుసగా ఉంటే నీడిల్స్ అచ్చు పడిపోయింది, గ్రీజు పెట్టి మళ్ళీ వేసే ఆలోచన మానుకోవాలి. బంతి లోపలి జాయింట్‌కు ఈ పరీక్షలేవీ కుదరవు. గేర్ మార్చినప్పుడల్లా ముందు వైపు, సీటు కింద నుంచి టక్‌మనే చప్పుడే దాని కబురు. అందుకే టార్క్ ట్యూబ్ కారుకు క్లచ్ పని కోసమో గేర్‌బాక్స్ పని కోసమో యాక్సిల్ వెనక్కి లాగిన రోజునే జాయింట్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి, స్ప్లైన్లు లెక్కపెట్టి, కొలతలన్నీ కారు ఫైలులో రాసిపెట్టాలి. ఆ బంతి మళ్ళీ ఎన్నేళ్ళకు తెరుచుకుంటుందో.